తాడుకి అవతల

"తాడు దగ్గర నిలబడొద్దమ్మా. వెనక్కి జరుగు."

వెండెల్ టకెట్ ఆమె ముఖం చూడలేదు. చొక్కా చూశాడు. ఎర్ర చొక్కా.

బెల్‌మోర్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే రోజున, స్టేడియం పార్కింగులో ఆకుపచ్చ తప్ప మరో రంగు వేసుకోవడమంటే పెళ్లిపందిట్లో ఏడ్చినట్టే. అందులోనూ ఎరుపు పొరుగూరి శత్రువుల రంగు.

"పిల్లలు స్టేడియంలోకి ఇటే నడిచొస్తారు కదండీ? ఒక్కసారి పలకరించి పోతాను."

యాభై దాటిన మనిషి. చేతుల్లో పెద్ద అల్యూమినియం ట్రే. దాని మీద తెల్లటి ప్లాస్టిక్ అట్ట మూత. మూత మీద మార్కరుతో ఐదు పేర్లు.

"ముందు వరస అభిమానుల క్లబ్బు వాళ్లది. చందా కట్టావా?"

"లేదండీ."

"మరింకేం!"

పక్కన టెంటు కింద పంది పక్కటెముకలు కాలుస్తున్న బఫర్డ్ పళ్లికిలించాడు.

ఈ వెండెల్‌ది టైర్ల కొట్టు. జన్మలో బంతి పట్టుకుని పది గజాలు పరిగెత్తిన పాపాన పోలేదు గానీ, ఆట గురించి అతనికి తెలియంది లేదు. నాలుగేళ్లలో ముగ్గురు కోచ్‌లు మారారు. మొదటివాడు పెద్ద కాలేజీ పిలవగానే చెప్పాపెట్టకుండా పోయాడు. రెండోవాడైన గిల్‌క్రిస్ట్‌ని పోయిన నవంబరులో ఈ క్లబ్బు వాళ్లే సాగనంపారు. వరసగా నాలుగాటలు ఓడగానే, ఆదివారం ఆ ఇంటివాళ్లు చర్చికి వెళ్లిన వేళ చూసి, ముందున్న పచ్చికలో 'ఇల్లు అమ్మబడును' అని తన చేత్తో రాసిన బోర్డు పాతి వచ్చింది వెండెలే. ఓడిన కోచ్‌కి ఇక్కడ జరిగే మర్యాద అది. ఆ సంగతి ఊరంతా చెప్పుకు తిరగడం ఇతని ఘనకార్యం.

కోచ్ పోగానే, ఆటలో ముందు వరసన అడ్డుగోడలా నిలబడే ఐదుగురు కుర్రాళ్లూ వేరే కాలేజీలకు పోతామని పేర్లిచ్చారు. జనవరిలో ఎందుకో వెనక్కి తీసుకున్నారు.

"ఎందుకో ఏంట్రా! ఆ చేతకానోణ్ణి నేను తరిమాను కాబట్టి!" అనేవాడు వెండెల్. తన కోడి కూయకపోతే తెల్లారదనుకున్న ముసలమ్మ నయం.

"ఈ ఏడు పదాటలు గెలుస్తాం, రాసి పెట్టుకోరా బఫర్డూ," అంటున్నాడు ఇప్పుడు. "ఆ ఐదుగురుంటే చాలు. కోచ్‌కి బదులు నా కొట్లో టైరు నిలబెట్టినా గెలుస్తాం."

"ఎడమ చివర కుర్రాడి మోకాలు ఓర్చుకుంటే తొమ్మిదండీ," అంది ఎర్ర చొక్కా ఆవిడ మెల్లిగా.

"ఏమమ్మోయ్, నీకు ఆటేం తెలుసు? వాళ్లు పంపిన గూఢచారివా?"

"ఇది మావారు పనిచేసే హైస్కూలు చొక్కా అండీ. నాలుగు వందల మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చాను. ఆట చూసే వీల్లేదు, తిరిగి పోవాలి."

"దానికేం, ఇప్పుడే పో!"

టెంటంతా నవ్వింది. ఒక్కడికైనా సిగ్గనిపించలేదు.

ఆమె తాడువైపు చూసింది. ట్రేవైపు చూసింది.

"ఇదైనా వాళ్లకిస్తారా? పీచ్ పళ్లతో చేసిన తీపి."

"అక్కడ పెట్టు."

అక్కడంటే చెత్తడబ్బా పక్కన. ఆమె అక్కడే పెట్టి, కార్ల మధ్య నుంచి వెళ్లిపోయింది.

పది నిమిషాలకు డప్పులు మోగాయి. తాళ్ల మధ్య నుంచి జట్టు నడిచొచ్చింది. చివరగా ఆ ఐదుగురు కొండలు. ఎవరి కోసమో అటూ ఇటూ చూస్తున్నారు.

"పదాటలు బాబూ!" అని వెండెల్ చెయ్యి చాపాడు.

మోకాలికి పట్టీ కట్టుకున్న కీయన్ ఆగాడు.

"సార్, ఈ తాడు కట్టిన మూడో స్తంభం దగ్గరుంటానందావిడ. చేతిలో ట్రే ఉంటుంది. చూశారా?"

"ఎర్ర చొక్కావిడా? ఇప్పుడే తరిమేశా. నువ్వేం కంగారుపడకు."

కుర్రాడి ముఖం వాడిపోయింది. చెత్తడబ్బా పక్కన ట్రే కనబడింది. తాడు దాటి వచ్చి, వంగి, రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"జనవరిలో మా ఐదుగుర్నీ కూర్చోబెట్టి ఇదే వడ్డించింది సార్. ఇంకో ఏడాది ఇక్కడే ఉంటామని మాటిచ్చేదాకా బల్ల దగ్గర్నుంచి లేవనివ్వలేదు. మొదటాట రోజు వస్తానని తనూ మాటిచ్చింది. అందుకే ఉన్నాం."

"ఎవరబ్బా ఆవిడ?"

కీయన్ ట్రే మీది మూత తీసి, దాని అడుగువైపు చూసి, వెండెల్ చేతుల్లో పెట్టాడు.

"ఇది మీదే సార్. ఉంచుకోండి."

ట్రేని గుండెకి హత్తుకుని, కుంటుకుంటూ జట్టు వెనకాల వెళ్లిపోయాడు.

వెండెల్ మూత తిప్పాడు. రెండో వైపున, టైర్ల ధరలు రాసే పచ్చ రంగుతో, తన చేతిరాతలోనే, 'ఇల్లు అమ్మబడును' అని ఉంది.