కంగాణి ఇంటి పెట్టె

“గిన్నె ముట్టుకోకు వదినా. పచ్చడి నాను కలుపుతాను,” అంది పుష్పవల్లి.

వేపపువ్వు పట్టుకున్న దేవుడమ్మ చెయ్యి వెనక్కి పోయింది. యాభై ఏళ్ళుగా ప్రతి ఉగాదికీ ఇదే తంతు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. రబ్బరుతోటల ఊరు సుంగై సిపుట్‌లోని ఈ పుట్టింట్లో పుష్పవల్లి మంచినీళ్ళయినా ముట్టదు. అన్న మనసుపడి చేసుకున్నది ఎస్టేటులో పాయిఖానా బకెట్లు మోసినవాడి కూతుర్ని మరి. అన్న పోయినా ఆ పట్టుదల పోలేదు. తినేది ఉగాది పచ్చడి ఒక్కటే, అదీ దొరగారి గిన్నెలో తన చేత్తో కలుపుకుని.

ఎస్టేటు తెల్లదొర తన దేశానికి పోతూ బంగళాలో వదిలేసిన పెట్టెలోది ఆ గిన్నె. నున్నటి ఎర్రకర్ర, మూలలకు ఇత్తడి. మూత ఎత్తితే పలకలో గుండ్రటి కంత, అందులో ఒదిగి కూర్చునే నీలిపూల పింగాణీ గిన్నె. కంగాణీగా కూలీలను అదిలించిన తండ్రి ఆ పెట్టెను మోయించుకొచ్చి అమ్మవారి ముందు పెట్టాడు. ఆయన బంగళా గడప ఏనాడూ దాటలేదు గానీ, పెట్టెతో ఇంటి పరువు మాత్రం బంగళా ఎత్తుకు లేచింది.

ఈసారి దాన్ని తన ఇంటికి పట్టుకుపోవాలనే వచ్చింది పుష్పవల్లి.

ఆమె కొడుకు హేమనాథ్ పెట్టె ఇత్తడి రేకు మీది పేరు ఫోనులో వెతికాడు. “లండన్ కంపెనీది, అమ్మా! రెండొందల ఏళ్ళ కిందట రాజులకి పయానం పెట్టెలు సేసినారంట. ఇంకా...”

“రాజులకి సేసినారు కదా, సాలు. పెట్టి బండిలో ఎట్టు.”

హేమనాథ్ పెట్టె ఎత్తుకుని బయటికి నడిచాడు. దేవుడమ్మ టీ గ్లాసుతో ముందుకొచ్చింది.

“పట్టుకుపో పుష్పా, నానొద్దన్ను. ఈ ఒక్కపాలి నా సేతి టీ తాగు. ఇంకెన్నాళ్ళుంటాను?”

“మీ అయ్య మోసిన బకెట్ల కంపు ఈ ఇంట్లోంచి ఇంకా పోనేదొదినా.”

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుష్పవల్లికి కడుపు చల్లబడింది. గిన్నె అడుగున మిగిలిన పచ్చడి వేలితో తుడిచి నాకింది.

దేవుడమ్మ గ్లాసు కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది.

“అయ్య మోసినవి కూలోళ్ళవి. దొరది మాత్రం పదేళ్ళప్పుడు నాను మోసినాను, రోజూ పొద్దున్నే.”

“బకెట్టేనా?” పకపకా నవ్వింది పుష్పవల్లి.

“నీ సేతిలో గిన్ని.”