రెండు గోళ్ల ఎడం

వెదురు పొదల్లో ఒక వడ్రంగిపిట్ట పిల్లనగ్రోవులు చేసి అమ్మేది. సరదాగా వాయించుకుందామని ఒక గోరింక దాని దగ్గరికి వచ్చింది. ఉన్నవన్నీ ఊది చూసింది, ఏదీ దాని వేళ్లకి కుదరలేదు. వడ్రంగిపిట్ట పనంతా ఆపుకుని, గోరింక కాలివేళ్లు కొలిచి, కన్నానికీ కన్నానికీ మధ్య రెండు గోళ్ల ఎడం ఉంటే సరిపోతుందని తేల్చింది.

"చేసి ఉంచు బాబాయ్, రేపొచ్చి తీసుకుంటా" అని వెళ్లిన గోరింక మళ్లీ రాలేదు. సముద్రం అవతల కొంగలు సగం గింజలకే చేసిస్తాయని విని, అదే కొలత ఒక వలస బాతుతో చెప్పి పంపింది.

పిల్లనగ్రోవి వచ్చింది. రెండు గోళ్ల ఎడమే ఉంది. కాకపోతే అవి కొంగ గోళ్లు! ఎంత సాగదీసినా గోరింక వేలికి రెండో కన్నం అందలేదు.

సిగ్గన్నా లేకుండా దాన్ని తెచ్చి వడ్రంగిపిట్ట ముందు పడేసింది. "కాస్త సరిచేసి పెట్టు బాబాయ్."

"నాకు కన్నాలు పొడవడం వచ్చు గానీ పూడ్చడం రాదమ్మా. ఆ కొంగనే అడుగు."

"అదెక్కడో సముద్రం అవతలుంది, ఎలా అడగను?" గోరింకకి ఒళ్లు మండింది. "ఒకచోట బతికేవాళ్లం, ఒకరినొకరు చూసుకోవద్దూ?"

వడ్రంగిపిట్ట పక్కనే దుమ్ముపట్టి ఉన్న చిన్న పిల్లనగ్రోవిని ముందుకు తోసింది.

"దీన్ని చేసి పెట్టుకుని నెల్లాళ్లు నీ కోసం ఎదురుచూశాను. నేనూ సరిగ్గా ఈ మాటే అనుకున్నాను."