దొంగకొక పిడికెడు

అమ్మ జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యం చెప్పడానికి లేచి, ముందు నా గొప్పే చెప్పుకున్నాను. వంటకు ముందు చర్చి కోసమని అమ్మ పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసేది. బడికి పోయే రోజుల్లో నేను అందులోంచి రోజూ పిడికెడు దొంగిలించి, బొరుగులు కొనుక్కునేవాణ్ణి.

"అయినా డబ్బా తగ్గలేదు. వేంపల్లెలో నా అంత తెలివైన దొంగ లేడు!"

అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు.

"మీయమ్మకు తెలుసులే నాయనా. దేవునికొక పిడికెడు, దొంగకొక పిడికెడు వేస్తాండె."

"మరి ఇంట్లోకి బియ్యం చాలేవా?"

"యాడ చాల్తాయప్పా? రాత్రిపూట ఆమె ఉపవాసముండేది."

చేతిలోని కాగితం చూసుకున్నాను. తర్వాత చదవాల్సిన వాక్యం: "మా అమ్మకు ఉపవాసమంటే ఎంత ఇష్టమో అని నా పిల్లలకు ఎప్పుడూ చెబుతుంటాను."