అడ్డదారి

కారు మెయిన్ రోడ్డు వదిలి మట్టిదారిలోకి తిరగగానే ఆమె వెనక సీట్లో నిటారుగా కూర్చుంది.

"ఇటెక్కడికి? పొద్దున మనం ఇటు రాలేదు."

"అడ్డదారమ్మా. పొలాల మధ్య నుంచి పోతే ఇరవై నిమిషాల్లో రేవులో ఉంటాం. నాలుగున్నరకల్లా మీరు ఓడెక్కాలి కదా, ఇప్పుడే నాలుగు దాటింది. ఈ వేళప్పుడు మెయిన్ రోడ్డు నిండా లారీలే," అన్నాడు డ్రైవరు.

దారికి రెండు పక్కలా నిలువెత్తు పైరు. కనుచూపు మేరలో నరమానవుడు లేడు. తాము విహారయాత్రకి వచ్చిన ఓడలో టూర్లు అమ్మే అమ్మాయి చెప్పిన మాటలన్నీ ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. బయటి కార్లు నమ్మొద్దు, మా బస్సులోనే వెళ్ళండి, నిరుడు ఒకావిడ బయటి కారెక్కి ఒంటి మీద నగ లేకుండా తిరిగొచ్చింది, ఇంకొకావిడ అసలు తిరిగే రాలేదు... అమ్ముకునేవాళ్ళు అలాగే చెబుతారులెమ్మని పొద్దున నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. చెయ్యి దానంతటదే మెడలో గొలుసు మీదికి పోయింది.

"బండి ఆపండి. మా ఆయనతో మాట్లాడాలి."

ఆయన ఓడలోనే ఉండిపోయాడు. పొద్దున మంచం దిగబోతుంటే మోకాలు పట్టేసిందట. ఈ కారు నెట్‌లో వెతికి పట్టుకున్నదీ, అన్నిటికన్నా దూరాన ఉన్న జలపాతం చూపించమని మాట్లాడిందీ ఆయనే. "నా కోసం నువ్వెందుకు మానుకోవడం, వెళ్ళిరా" అని పంపుతూ వంద జాగ్రత్తలు చెప్పాడు. కారు నంబరు పంపు. గంటకోసారి ఎక్కడున్నావో ఫోన్ చెయ్యి. ఎవరేమిచ్చినా తాగకు. పాలు పొంగకముందే స్టవ్ కట్టేసే రకం మరి.

మొదటి రింగుకే ఫోనెత్తాడు.

"ఏవండీ, ఇతను అడ్డదారంటూ పొలాల్లోకి తీసుకొచ్చాడు. నాకు భయంగా ఉంది."

"ఇంకా ఎంతసేపట్లో వస్తారట?"

"ఇరవై నిమిషాలంటున్నాడు."

"వద్దు. ఊరు కాని ఊరు. వెనక్కి తిప్పి మెయిన్ రోడ్డు మీదే రమ్మను."

"అలాగైతే ఓడ అందదట."

"ఓడని నేను ఆపిస్తాను కదా! నీ ప్రాణం కంటే ఓడ ఎక్కువా?"

ఆ మాటకి ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఫోన్ పెట్టేసి, గొంతు గట్టి చేసుకుని డ్రైవరుకి చెప్పింది.

అతను తలపట్టుకున్నాడు. "అమ్మా, పదేళ్ళుగా ఈ రేవులో బండి తోలుతున్నాను. ఓడవాళ్ళ బస్సులో వెళ్ళినవాళ్ళ కోసమైతే ఆగుతారు. బయటి కారులో వెళ్తే సొంత అత్తగారి కోసమైనా ఆగరు. నా మాట వినండి."

"మీ కారు నంబరు మా ఆయన దగ్గరుంది. మర్యాదగా వెనక్కి తిప్పండి."

డ్రైవరు సందులాంటి ఆ దారిలో ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడించి బండి తిప్పాడు.

మెయిన్ రోడ్డు మీద లారీలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి నిలబడి ఉన్నాయి. నాలుగున్నరైంది. అయిదైంది. ఆమె నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ ఆయన ఒకటే మాట: "మాట్లాడుతున్నాను, నువ్వు కంగారు పడకు." అయిదోసారి చేస్తే ఆయన ఫోన్ మోగనే లేదు.

రేవుకి చేరేసరికి అయిదున్నర. పొద్దున ఏడంతస్తుల ఓడ ఉన్న చోట నీళ్ళున్నాయి. ఇద్దరు కూలీలు తాళ్ళు చుట్టుకుంటున్నారు. ఆమె అక్కడే గట్టు మీద కూలబడింది.

"తప్పు నాదే బాబూ. నిన్ను అనవసరంగా అనుమానించాను," అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"ఆడవాళ్ళు, ఒంటరిగా వచ్చారు. భయం ఉండదా?" అన్నాడు డ్రైవరు. "లేవండమ్మా. ఎవరైనా ఓడ అందక ఉండిపోతే ఓడవాళ్ళు గదిలో లాకరు తెరిచి, పాస్‌పోర్టు ఈ రేవులో తమ పనులు చూసే ఏజెంటుకిచ్చి పోతారు. అది ఉంటే రేపు విమానమెక్కి, ఓడ ఆగే తర్వాతి ఊళ్ళో దాన్ని అందుకోవచ్చు."

"నా సంగతి సరే. ఆయన్ని తలుచుకుంటేనే భయమేస్తోంది. ఓడ కదులుతుంటే ఎంత గోల పెట్టుంటారో! అసలే బీపీ మనిషి."

ఏజెంటు గది గేటు పక్కనే ఉంది. ఒక బల్ల, ఒక ఫ్యాను, గోడకి వేలాడే తాళాల గుత్తి. ఏజెంటు ఆమె పేరూ గది నంబరూ అడిగి, లోపలికి వెళ్ళి ఒక పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చాడు. దాని మీద పాస్‌పోర్టు పెట్టాడు.

ఆమె సూట్‌కేసు తెరిచింది. బట్టలన్నీ మడతలు చెదరకుండా ఉన్నాయి. చెప్పులు కవర్లో చుట్టి ఉన్నాయి. మందులు, కళ్ళజోడు, దువ్వెన, ఆఖరికి తలకి రాసుకునే నూనె సీసా కూడా మూత బిగించి ఉంది. ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"చూశావా బాబూ! ఓడ కదిలిపోతున్న ఆ కంగారులో కూడా మా ఆయన ఒక్కటి మర్చిపోలేదు," అంది డ్రైవరుతో.

ఏజెంటు రిజిస్టరు ఆమె వైపు తిప్పి, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు.

"కంగారేముందమ్మా? పొద్దున మీ కారు గేటు దాటగానే మీ ఆయనే తెచ్చిచ్చి వెళ్ళారు."