వ్యతిరేకించే వాళ్ళుంటే

"వ్యతిరేకించే వాళ్ళుంటే, వాళ్ళూ చెయ్యెత్తండి."

మా మోర్మన్ క్రైస్తవ సంఘాల్లో ఎవరికైనా కొత్త బాధ్యత ఇచ్చేటప్పుడు ఈ మాట అడగడం ఆనవాయితీ. ఎవరూ ఎత్తకపోవడం అంతకన్నా గట్టి ఆనవాయితీ. అడిగిన ప్రెసిడెంట్ సోరెన్సన్ అప్పుడే కాగితంలో కింది వరుసలోకి వెళ్ళిపోయాడు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని మా లోయలో ఎనిమిది సంఘాలకి ఆయనే పెద్ద. పదకొండేళ్ళుగా అడుగుతున్నాడు, ఒక్క చెయ్యీ చూడలేదు.

ఆ ఆదివారం చూశాడు. మూడో వరుసలో, ఆర్డెల్ క్రిస్టెన్సన్ కుడి చెయ్యి.

పిల్లలు బిస్కెట్లు నమలడం కూడా మానేశారు. ఐదేళ్ళపాటు జీతం లేకుండా మా సంఘాన్ని నడపాల్సిన కొత్త బిషప్‌గా ఇప్పుడే చదివిన పేరు ఎవరిదో కాదు, ఆమె మొగుడు ఎల్డన్‌దే.

ఎల్డన్ ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ చెయ్యి చూశాడు. పెద్దగా ఊపిరి వదిలి తల దించుకున్నాడు. పాపం, నలుగురిలో పరువు పోయిందని హాలంతా జాలిపడింది.

ఆర్డెల్ ఎదురు చెప్పే మనిషి కాదు. పెద్దలు పాఠం చెప్పమంటే చెప్పింది. పిల్లలకి పాటలు నేర్పమంటే గొంతు లేకపోయినా నేర్పింది. చావు జరిగిన ఇంటికి బంగాళదుంపల వంటకం ఒక పళ్ళెం పంపమంటే రెండు పంపింది. దేవుడు పెద్దల నోటితో మాట్లాడతాడన్నది ఆమె నమ్మకం, అందులో రవ్వంత సందేహం ఎన్నడూ లేదు. అలాంటి మనిషి చెయ్యి ఇవాళ గాలిలో ఉంది.

ప్రార్థన అయ్యాక వరండాలో స్నేహితురాలు లువానా పట్టుకుంది.

"ఇంట్లో మాటామాటా వస్తే వంటింట్లో తేల్చుకోవాలి గానీ, ఇదేం పనే ఆర్డెల్? శనివారం పిల్ల పెళ్ళి పెట్టుకుని!"

వెనకాలే కూతురు కెన్లీ పరుగెత్తుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాన్న నీకేం చేశాడమ్మా? అందరి ముందూ ఇలాగా?"

ఆర్డెల్ కూతురి కళ్ళు తుడవబోయింది. ఈలోగా ప్రెసిడెంట్ ఆమెని బిషప్ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"కూర్చో సిస్టర్. పది రోజుల కిందట మీ ఇద్దరూ ఇక్కడే కూర్చున్నారు. ఎల్డన్‌కి బిషప్ అవమని పిలుపు వచ్చిందన్నాను. అతను సరేనన్నాడు. నువ్వు అండగా ఉంటావా అని అడిగాను. ఏమన్నావు?"

"ఉంటానన్నానండీ."

"మరి ఇంతలో ఏం ముంచుకొచ్చింది? ఎల్డన్ చెయ్యరాని పనేమైనా చేశాడా?"

"అయ్యో, లేదండీ. ఆయనంత మంచి మనిషి ఉండడు."

"మరి?"

"టర్కీ కోళ్ళు" అంది ఆర్డెల్.

"ఏంటీ?"

"నాలుగు షెడ్లు ఉన్నాయండీ. ఐదేళ్ళపాటు ఆయన చర్చి పనులకే తిరిగితే వాటిని ఎవరు చూస్తారు?"

ప్రెసిడెంట్ నవ్వలేదు. ఆయనకీ ఆరు షెడ్లున్నాయి.

"పదకొండేళ్ళుగా నేను చూసుకోవట్లేదా? కోళ్ళ సంగతి పక్కన పెట్టు. ఈ పిలుపు నాది కాదు సిస్టర్, దేవుడిది. దానికి నువ్వు అడ్డం పడ్డావు. అసలు కారణమైనా చెప్పు, లేదా ఆ చెయ్యి దించు."

చెప్పడానికి ఆర్డెల్ దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. ఆ మాట చెబితే ఆమె ఒక్కదానితో పోదు.

"ఆలయం కార్డు తెచ్చుకున్నావా?"

ఆమె చెయ్యి సంచి మీదికి పోయింది.

"పెద్దల్ని బలపరుస్తావా అంటే అవునన్నావు కాబట్టే అది ఇచ్చాం" అన్నాడు ప్రెసిడెంట్ మెల్లగా. "ఇప్పుడు కాదంటే నాకు తిరిగి ఇచ్చెయ్యాలి. కార్డు లేకపోతే కన్నతల్లినైనా ఆలయం గుమ్మం దాటనివ్వరని నీకు తెలుసు. నీ కూతురి పెళ్ళి లోపల జరుగుతుంటే, నువ్వు బయట బెంచీ మీద కూర్చోవాలి. అది నాకు మాత్రం ఇష్టమా?"

అంత నెమ్మదిగా చెప్పే బదులు నాలుగు తిట్టినా బాగుండునని ఆమెకి అనిపించింది. గదికి కిటికీ లేదు. తలుపు అవతల కెన్లీ వెక్కిళ్ళు వినిపిస్తున్నాయి. చెబితే ఇల్లు కూలుతుంది. చెప్పకపోతే పెళ్ళి చూసే వీలుండదు. దించితే రాత్రి ఇచ్చిన మాట పోతుంది. ఎటూ కదలడానికి లేదు ఆర్డెల్‌కి.

"పెళ్ళి గౌనుకి గుండీలన్నీ నేనే కుట్టానండీ" అంది చివరికి. "ముప్పై రెండు."

"అయితే దగ్గరుండి నువ్వే పెట్టు. ఒక్క మాట చాలు."

"దించుతున్నాను" అంది.

అరగంటలో ఎల్డన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, తల మీద చేతులుంచి బిషప్‌ని చేసేశారు. కెన్లీ తల్లిని కావలించుకుని మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. లువానా కూడా వచ్చి "పోనీలే, పెళ్ళికి రొట్టెలు నేను చేసుకొస్తాగా" అని వీపు నిమిరింది. ప్రెసిడెంట్ చర్చి తాళాలు ఎల్డన్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక ఆర్డెల్ ఆ గది తలుపు తోసింది. ఎల్డన్ బల్ల వెనక కోటుతోనే కూర్చుని ఉన్నాడు. తాళాలు ముందు పడేసి ఉన్నాయి.

"పద. కోళ్ళకి మేత వెయ్యాలి" అంది.

అతను లేచి వచ్చాడు. ఆమె తెరిచిన తలుపు మూసేశాడు. ఆ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"పైన ఎవరో ఉన్నారన్న నమ్మకం పోయి మూడేళ్ళయిందని నా నోటితో నేను చెప్పలేకే కదా ఆర్డెల్, నీ చెయ్యెత్తమని రాత్రి నీ కాళ్ళు పట్టుకున్నాను" అన్నాడు కొత్త బిషప్.