చదివాకే సంతకం

"ఇక్కడొక సంతకం గీకవయ్యా. నీ సామాన్లు నీకు ముట్టినట్టు రసీదు, అంతే," అంటూ జైలు గుమాస్తా పెన్ను మూత తీసి మరీ అందించాడు.

పెయింటరు చెయ్యి చాచాడు గానీ, రసీదు అన్న మాట చెవిన పడగానే నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"చదివాక పెడతానండీ."

"చదవడానికేముంది అందులో? చొక్కా, ప్యాంటు, బెల్టు, దువ్వెన. నీ మూట ఎదురుగానే ఉందిగా."

"ఆరేళ్ళ కిందట పోలీసు స్టేషన్లో కూడా అచ్చం ఇదే మాట చెప్పారండీ. మీ రంగు డబ్బాలు, నిచ్చెన ముట్టినట్టు రసీదు, సంతకాలు పెట్టి పట్టుకుపొండి అన్నారు. నేనూ, మా బావమరిదీ ఎగబడి పెట్టాం. తీరా చూస్తే అది, మేం రంగులేస్తున్న నగల కొట్టుకు మేమే కన్నం వేశామని ఒప్పుకున్న కాగితం. అప్పట్లో సంతకం తప్ప నాకు అక్షరం ముక్క రాదు. చదువు మీ జైలు బళ్ళోనే అబ్బింది. నేర్పించింది మీరే, ఇప్పుడు చదవొద్దంటే ఎలాగండీ?"

గుమాస్తాకు నవ్వొచ్చింది. "నిచ్చెనైనా ఇచ్చారా?"

"ఇప్పటికీ ఇవ్వలేదు."

"లేవయ్యా, నాలుగింటి బస్సు పోతుంది," అంది గోడవార బల్ల మీద కూర్చున్న భార్య. పొద్దుటి నుంచీ ఆమె మొహం వెలిగిపోతూనే ఉంది గానీ, కళ్ళు ఊరికే లోపలి గేటు వైపు పోతున్నాయి. ఆ గేటు వెనకే ఆమె తమ్ముడున్నాడు. అదే కేసు, అదే శిక్ష. "ఏ కోర్టయినా అంతేలే అక్కా" అని పంతం పట్టి వాడు అప్పీలు వేసుకోలేదు. ఇవాళ పొద్దున బావకు గడ్డం తనే గీసి, "ఇంట్లో నా బ్రష్షులు బిగుసుకుపోయుంటాయి, నానబెట్టి ఉంచు బావా" అని నవ్వుతూ సాగనంపాడట. ఇంకో నాలుగేళ్ళు నానాలి ఆ బ్రష్షులు. మొగుడు ఇంటికొస్తున్న సంతోషమూ, తమ్ముణ్ణి వదిలి వెళ్తున్న దిగులూ రెండూ ఒక్కసారే మీద పడి ఆమెకు ఊపిరాడటం లేదు. ఇంకాసేపు ఇక్కడే కూర్చుంటే ఏడ్చేస్తానని ఆమెకు తెలుసు.

పెయింటరు మాత్రం రసీదు కింద వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు. "దువ్వెన ఒకటి, మంచి స్థితిలో. ఏవండీ, దీనికి రెండు పళ్ళు లేవు."

"నీకు జుట్టు మాత్రం ఎక్కడుందయ్యా?"

"అది వేరే సంగతండీ. రాసింది రాసినట్టు ఉండాలి కదా."

గుమాస్తా తిట్టుకుంటూనే 'రెండు పళ్ళు లేవు' అని రాసి పొట్టి సంతకం పెట్టాడు. "ఇప్పుడైనా పెడతావా?"

"ఆ లావుపాటి కాగితాలేంటండీ?"

"పైకోర్టు తీర్పు. ఇందాకే నేరుగా మాకొచ్చింది."

"అదీ చదువుతాను. అన్నిటికీ ఒకేసారి పెడతాను."

"పద్నాలుగు పేజీలయ్యా బాబూ. ఇరవయ్యేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నాను. మొదటి పేజీలో పేరు, చివరి పేజీలో ముద్ర చూసుకుంటే అయిపోతుంది. మధ్యలోది ఎవరూ చదవరు."

"కేసు కొట్టేశారని వకీలుగారు ఫోన్లో చెప్పారుగా, ఇంకేం కావాలి నీకు?" అంది భార్య.

"ఆయనకు కాపీ రేపు గానీ రాదు. నేను ఇవాళే చదువుతాను."

గోడకు రంగేసినట్టే చదువుతాడతను. మూల కూడా వదలడు. మూడో పేజీకి గుమాస్తా తల పట్టుకున్నాడు. ఐదో పేజీకి వచ్చేసరికి పెయింటరు గొంతు పెరిగింది.

"ఏమి రాసి ఉందో చదివి వినిపించకుండా తీసుకున్న సంతకం చెల్లదు. ముద్దాయిలకు వకీలును ఇవ్వలేదు. వారు చెప్పుకునేది ఎవరూ వినలేదు. వినకుండా వేసిన శిక్ష శిక్ష కాదు." చదివి తలెత్తాడు. "విన్నావా? ఎంత బాగా రాశారో చూడు."

"విన్నాను," అంది భార్య, ఈసారి తొందరపెట్టకుండా. కళ్ళు తుడుచుకుంది.

"ఆ ముక్క ఇంకోసారి చదువు," అన్నాడు గుమాస్తా. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ముగ్గురికీ టీ చెప్పాడు. పెయింటరు బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని ఇంకోసారి చదివాడు. ఆరేళ్ళలో అంత హాయిగా అతను ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

టీలు అయిపోయాయి. నాలుగింటి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. భార్య నిట్టూర్చి చెప్పులు విప్పి బల్ల మీద కాళ్ళు ముడుచుకుంది. పది, పదకొండు, పన్నెండు పేజీలయ్యాయి. పదమూడో పేజీలో సగం దాకా వచ్చిన వేలు ఠక్కున ఆగిపోయింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అదే వరుస మీద నడిచింది.

"ఏం, అక్షరం కూడలేదా?" అన్నాడు గుమాస్తా.

 పెయింటరు పెదాలు కదులుతున్నాయి. మూడోసారి కూడా చదువుకున్నాడు.

"ఏమైందయ్యా?" అంటూ భార్య కంగారుగా లేచి వచ్చింది. "మళ్ళీ ఏం తిరకాసు పెట్టారు?"

"తీర్పు చదవడం దాదాపు అయింది కదా," అన్నాడు గుమాస్తా, రసీదు మళ్ళీ ముందుకు తోస్తూ. "ఇక సామాన్లన్నీ ముట్టినట్టేనా?"

"ముట్టలేదండీ," అన్నాడు పెయింటరు. వేలు తియ్యకుండానే కాగితాన్ని గుమాస్తా వైపు తిప్పాడు. నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "అప్పీలు వేసుకోకపోయినా రెండో ముద్దాయిని కూడా వెంటనే వదిలిపెట్టమని రాశారిక్కడ. మా బావమరిది మూట కూడా తెప్పించండి."