పాపికొండల దారిలో చిట్టీలు

"ఇంకా ఎన్ని పాఠాలున్నయ్?" అన్నాడు రాంసింగ్, చేపముక్క నోట్లో కుక్కుకుంటూ.

"రెండు," అంది అతని భార్య సంగీత తలెత్తకుండా.

"జల్దీ కానియ్. పాపికొండలు చూసి మళ్లేలోపు అయిపోవాలె. ఎల్లుండి నుంచే పరీక్షలాయె."

నూనె కారుతున్న వేళ్లతోనే పుస్తకం తిప్పి చూశాడు. పేజీ మీద మసాలా ముద్ర పడింది. సంగీతకు ఒళ్లు జలదరించింది. కొంగుతో తుడిచి, మళ్లీ పెన్ను పట్టుకుంది.

పోచవరంలో లాంచీ ఎక్కినప్పటి నుంచీ ఆమె రాస్తూనే ఉంది. టేకులపల్లిలో రాంసింగ్ పనిచేసే ఆఫీసువాళ్లంతా కుటుంబాలతో సహా విహారానికి మాట్లాడుకున్న లాంచీ అది. కింద డీజిలు పొగ. పైన చెవులు చిల్లులు పడే పాటలు. కుర్చీల కింద కోడి ఎముకలు. తిన్న పళ్లేలు తిన్నట్టే గోదావరిలోకి విసిరేస్తున్నారు. మగవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి వెళ్లి, తాగి ఎర్రబడ్డ కళ్లతో వస్తున్నారు.

డిగ్రీ ఉంటే ప్రమోషన్ వస్తుందని రాంసింగ్ కిందటేడు దూరవిద్యలో చేరాడు. చేరడం వరకే అతని వంతు. ఆదివారం క్లాసులకు ఖమ్మం బస్సెక్కింది సంగీత. "నువ్వు పోయి రాసుకొని రా. నాకు సెలవు రోజన్న సుఖం వద్దా?" అన్నాడు. అసైన్‌మెంట్లు రాసిందీ ఆమే. ఇప్పుడు అతను పరీక్షలో దాచుకునే చిట్టీలు, చీమతలకాయంత అక్షరాలతో రాస్తున్నదీ ఆమే.

అతను చేరినప్పుడే, పెళ్లికి ముందు ఇంటర్ పాసైన తానూ డిగ్రీ చదువుతానని ఒకసారి అడిగింది. రాంసింగ్ పగలబడి నవ్వాడు. "ఇంటికొక డిగ్రీ చాలు," అన్నాడు.

పేరంటాలపల్లి దగ్గర లాంచీ ఆగింది. గుడి చూడటానికి అందరూ బిలబిలమని దిగారు. సంగీత కూడా లేవబోయింది.

"నువ్వెక్కడికి? గుడి ఎక్కడికి పోదు. ముందు అది రాయి," అన్నాడు రాంసింగ్.

లాంచీలో మిగిలింది ఆమె, గోరి. గోరి రాంసింగ్ పై అధికారి చందూలాల్ భార్య. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక ఉండిపోయింది.

"నాకు చూస్తుంటేనే రోత పుడ్తున్నది పిల్లా," అంది గోరి. "నీకు పుడ్తలేదా?"

"పుడ్తది అక్కా."

"మరి ఎందుకు రాస్తున్నవ్? నేనైతే గవన్నీ నీళ్లల్ల ఇసిరేద్దును. లేకుంటే అన్నీ తప్పులు రాసిద్దును. పరీక్షల బొక్కబోర్ల పడితె తెలిసొస్తది."

"తప్పు రాద్దామంటే చెయ్యి రాదక్కా."

గోరి తల కొట్టుకుంది. "నీ అసొంటోళ్లు ఉండబట్టే వాళ్లు గట్ల తయారైండ్రు."

అందరూ తిరిగొచ్చారు. లాంచీ కదిలింది. పాటలు మళ్లీ మొదలయ్యాయి. రాంసింగ్ చొక్కా గుండీలు విప్పుకుని గంతులేశాడు. కొండలు రెండు వైపులా దగ్గరకు జరిగాయి. జనమంతా కేకలు పెడుతూ ముందుకు తోసుకున్నారు. సంగీత చివరి చిట్టీ ముగించి పెన్ను మూత పెడుతుండగా రాంసింగ్ తూలుతూ వచ్చాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. తాగిందీ తిన్నదీ భళ్లున బల్ల మీద, పుస్తకం మీద, చిట్టీల మీద పడ్డాయి.

పుల్లటి వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్లు ముక్కులు మూసుకుని లేచిపోయారు. సంగీత చీర కుచ్చెళ్ల మీదా పడింది.

రాంసింగ్ మూతి తుడుచుకుని, తడిసి ముద్దయిన కాగితాలు చూశాడు. "అరె! అన్నీ పాయె," అన్నాడు. అతని ముఖంలో సిగ్గులేదు, చిరాకు ఉంది. "మళ్ల రాయి. పొద్దుగూకే దాక టైమున్నది కద."

"నువ్వు మనిషివేనా?" అని గోరి లేచింది.

"నడుమ నీకేంది వదినా? పరీక్షలప్పుడు ఆమెను గూడ ఖమ్మం తోల్కపోతున్న. ఏ చిట్టీ ఏ జేబుల పెట్టిందో నాకు యాదుండదు," అంటూ అతను రెండు కుర్చీలు కలుపుకుని వాటి మీద వాలాడు. కాసేపటికే గురక పెట్టాడు.

సంగీత బకెట్‌తో నీళ్లు తోడి బల్ల కడిగింది. కుచ్చెళ్లు కడుక్కుంది. పుస్తకాన్ని రెండు వేళ్లతో ఎత్తి మూలన పడేసింది. తర్వాత సంచిలోంచి తెల్ల కాగితాలు తీసి కూర్చుంది.

అధికార వికేంద్రీకరణ. అర్థం, లక్షణాలు, లాభనష్టాలు. పెన్ను ఎక్కడా ఆగలేదు.

గోరి వంగి చూసింది. "పుస్తకం లేకుండనే రాస్తున్నవేంది?"

"రాసీ రాసీ అన్నీ వచ్చేసినయక్కా."

"సార్లు క్లాసుల చెప్పింది గూడ?"

"అవ్."

గోరి కళ్లలో నీళ్లు తిరిగాయి. గురక పెడుతున్న మనిషిని, అతని గడ్డం మీద ఎండిన చారను చూసి మొహం తిప్పుకుంది.

"ఏం లాభం పిల్లా? చదివింది నువ్వు. పాసయ్యేది గీ తాగుబోతు. ఎల్లుండి వాడు లోపల పరీక్ష రాస్తుంటే నువ్వు బయట చెట్టు కింద కూసుంటవ్."

సంగీత పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. లాంచీ మలుపు తిరుగుతుంటే తలెత్తి పాపికొండల వైపు తీరిగ్గా చూసింది.

కిందటేడే ఖమ్మంలో గుట్టుగా తన పేరూ నమోదు చేయించుకుంది; ఎల్లుండి అదే పరీక్షను సంగీత కూడా రాస్తోంది.